తెరిచి చూసేవాడికే ఆయిల్ డబ్బా

ట్రాక్టర్లు, జీపులు, బుల్లెట్లు బాగుచేస్తూ తల నెరిసినవాణ్ణి. 2019లో పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలయ్యాక మా వైపు టర్బో పెట్రోలు బళ్లు బాగా పెరిగాయి. అప్పటికి పెనుకొండ కూడా మా అనంతపురం జిల్లాలోనే ఉండేది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే కణేకల్ పిల్లలు పండక్కి అలాంటి కార్లలోనే ఊరికి వస్తున్నారు. కొందరి డిక్కీలో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో తళతళలాడే అల్యూమినియం డబ్బా, రెండు గొట్టాలు, నాలుగు క్లిప్పులు. "మేస్త్రీ, ఈ క్యాచ్ క్యాన్ బిగించు" అంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పే మాటలనే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. ముందు ఇంజన్ ఊపిరి తెలుసుకోండి

పెట్రోలు మండితే పుట్టే వాయువంతా సైలెన్సర్ దారి పట్టదు. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి కింద క్రాంక్‌కేసులోకి దిగుతుంది. దీన్నే బ్లోబై అంటాం. కొత్త ఇంజన్‌లో కూడా ఇది ఉంటుంది. ఆ వాయువు క్రాంక్ చిమ్మే నూనె తుంపరనూ నీటి ఆవిరినీ కాలని పెట్రోలునూ వెంటేసుకుని బయటపడే దారి వెతుకుతుంది. దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతుంది.

పాత ట్రాక్టర్లకూ పంపుసెట్ ఇంజన్లకూ ఆ దారి పేరు బ్రీదర్. ఆవిరి నేరుగా గాల్లోకే పోయేది. బ్రీదర్ దగ్గర పొగ చూసే ఇంజన్ బోరుకొచ్చిందో లేదో చెప్పేవాళ్లం. పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌కైతే బ్రీదర్ గొట్టానికి ఒక చిన్న డబ్బా కూడా ఉండేది. కాబట్టి మీరు తెచ్చింది మరీ కొత్త వస్తువేం కాదు. ఇప్పటి కార్లలో ఆ ఆవిరి పీసీవీ వాల్వు గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలిపోతుంది. ఆ దారి మధ్యలో కూర్చుని, నూనెను పట్టి ఉంచుకుని, వాయువును ముందుకు వదలడమే క్యాచ్ క్యాన్ పని.

2. పికప్ కోసం కొనొద్దు

"దీంతో పికప్ ఎంత పెరుగుతుంది మేస్త్రీ?" అని అడుగుతారు. ఏమీ పెరగదు నాయనా. ఉన్న పికప్ తగ్గకుండా కొంత కాపాడుతుంది, అంతే. నూనె ఆవిరి పెట్రోలుతో కలిసి సిలిండర్‌లోకి పోతే నాకింగ్‌కు దారి తీస్తుంది. దాన్ని పసిగట్టిన కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, బండి మందగిస్తుంది. ఇంటర్‌కూలర్ లోపల నూనె పూత పడితే అది గాలిని చల్లబరచడం కూడా తగ్గుతుంది.

అసలు అవసరం డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు. మామూలు ఇంజన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక పడుతుంది కాబట్టి వాల్వు ఎప్పటికప్పుడు కడుక్కుపోతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది. వాల్వును కడిగేదేమీ ఉండదు. దాని మీద పడిన నూనె అక్కడే మాడి కార్బన్‌గా గట్టిపడుతుంది. కొన్నేళ్లకు పొద్దున స్టార్ట్ చేయగానే వణుకు, మిస్సింగ్ మొదలవుతాయి. అప్పుడు మానిఫోల్డు విప్పి, అక్రోటు పెంకు పొడిని గాలితో కొట్టి వాల్వులు శుభ్రం చేయాల్సి వస్తుంది. 2019లో వచ్చిన సెల్టోస్ 1.4 టర్బో, ఐ20 ఎన్ లైన్ 1.0 టర్బో, పాత పోలో జీటీ టీఎస్ఐ అన్నీ ఈ జాతివే. డబ్బా పెడితే ఆ కార్బన్ నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు. టర్బో లేని, మామూలు ఇంజెక్షన్ కారులో ఊరికీ రాయదుర్గానికీ తిరిగేవాళ్లు ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టుకోండి.

3. రింగులు పోయిన ఇంజన్‌కు ఇది మందు కాదు

కారు ఆయిల్ తాగుతోందని డబ్బా తెచ్చేవాళ్లు ఉన్నారు. డబ్బా పెడితే పొగ కాస్త తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. అందుకే స్పానర్ పట్టుకునే ముందు చిన్న పరీక్ష చేస్తాను. ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని ప్లాస్టిక్ కవర్ పరుస్తాను. ఇంజన్ బాగుంటే కవర్ మెల్లగా లోపలికి లాగినట్టు అంటుకుంటుంది. కవర్ పైకి ఉబ్బి ఎగురుతుంటే రింగుల అరుగుదలో, పీసీవీ మూసుకుపోవడమో ఉన్నట్టు. కవర్‌ను ఒకపక్క గట్టిగా పట్టుకునే చేయండి, లేకపోతే లోపల పడుతుంది.

అనుమానం వస్తే కంప్రెషన్ చూపించండి. అంతకన్నా ముందు గేజి కడ్డీ తీసి ఆయిల్ మట్టం చూడండి. రెండు గీతల మధ్య ఉండాల్సిన ఆయిల్ పై గీత దాటితే క్రాంక్ దాన్ని చిలికి తుంపర చేస్తుంది. అలాంటి బండికి కావాల్సింది కొత్త డబ్బా కాదు, ఎక్కువైన ఆయిల్ తీసేయడం.

4. మన నేలలో మొదటి పని ఎయిర్ ఫిల్టర్

కణేకల్ బండికీ కోయంబత్తూరు బండికీ తేడా ఇక్కడే. మాకు ఒకవైపు నల్లరేగడి దుమ్ము, ఇంకోవైపు హగరి ఇసుక. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు వెళ్తే పొలాల మీద ఇసుక మేటలు కనిపిస్తాయి. వేదవతినే మేం హగరి అంటాం. ఎండిన ఆ ఏటి ఇసుకను గాలి ఎత్తి పొలాల మీద పోస్తుంది. ఆషాఢం గాలి లేచిందంటే ఇంటి తలుపులు వేసినా సన్న ఇసుక లోపలికి వస్తుంది. ఓబుళాపురం వైపు వెళ్తే గనుల ఎర్రదుమ్ము.

ఇసుకలో ఉండేది స్ఫటికం. దాని కాఠిన్యం 7. ఇంజన్ బోరుకు వాడే ఇనుము అంతకన్నా మెత్తన. ఫిల్టర్ పక్కనుంచి చిటికెడు దూరినా రింగులనూ బోరునూ గీకేస్తుంది. రింగులు అరిగితే బ్లోబై పెరుగుతుంది, బ్లోబై పెరిగితే డబ్బా త్వరగా నిండుతుంది. దుమ్మును ఆపకుండా డబ్బా పెట్టడం అంటే కారణాన్ని వదిలేసి ఫలితాన్ని పట్టుకోవడమే.

అందుకే నా షెడ్డులో ముందు ఎయిర్ బాక్సు మూత తీస్తాం. ఫిల్టర్ తర్వాతి గొట్టం లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడుస్తాం. గుడ్డకు నూనె జిడ్డు అంటితే అది బ్రీదర్ నుంచి వచ్చింది, భయం లేదు. గరగరమనే మట్టి అంటితే ఫిల్టర్ సరిగా కూర్చోలేదన్నమాట. అది సరిచేశాకే మిగతా పని. పేపర్ ఫిల్టర్ తీసేసి నూనె పట్టించిన కోన్ ఫిల్టర్ పెట్టుకోవడం ఫ్యాషన్ అయింది. నూనె ఎక్కువ పట్టిస్తే అది గాలిని కొలిచే సెన్సార్ మీద పడుతుంది, తక్కువ పట్టిస్తే దుమ్ము ఆగదు. మా ఊళ్లో కంపెనీ పేపర్ ఫిల్టరే మేలు, అదీ పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్చాలి.

5. మూత విప్పి లోపల చూసి కొనండి

బయట రంగు, మెరుపు చూసి మోసపోకండి. డబ్బా లోపల ఖాళీగా ఉంటే ఆవిరి ఒక గొట్టంలోంచి వచ్చి రెండో గొట్టంలోంచి నూనెతో సహా వెళ్లిపోతుంది. లోపల అడ్డు రేకులు ఉండాలి, లేదా స్టీలు జాలీ ఉండాలి. ఆవిరి వాటికి కొట్టుకుని, వేగం తగ్గి, చల్లబడితే తుంపర బొట్లుగా చేరి కిందికి దిగుతుంది. దిగిన నూనె మళ్లీ ఎగరకుండా అడుగున ఒక అర ఉంటే ఇంకా మంచిది.

పరిమాణం రోడ్డు కారుకు మూడు, నాలుగు వందల మిల్లీలీటర్లు చాలు. మూత రబ్బరు రింగుతో గట్టిగా కూర్చోవాలి. అడుగున వంపే కుళాయి, మట్టం చూసే కడ్డీ ఉండాలి. గొట్టం తగిలించే ముక్కుల లోపలి వ్యాసం ఇంజన్‌కు ఉన్న కంపెనీ గొట్టం కన్నా సన్నగా ఉండకూడదు. ఊపిరి దారి ఇరుకైతే ఒత్తిడి మళ్లీ సీళ్ల మీదే పడుతుంది.

6. రెండు దారుల్లో మీకు కావాల్సిందేదో తేల్చుకోండి

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడ. టర్బో ఇంజన్ ఊపిరికి మామూలుగా రెండు దారులు. మొదటిది పీసీవీ వాల్వు నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డుకు. ఐడిల్‌లో, మెల్లగా నడిపేటప్పుడు మానిఫోల్డులో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి ఆవిరి ఆ దారిన పోతుంది. రెండోది క్రాంక్‌కేసు నుంచి టర్బోకు ముందున్న గాలి గొట్టానికి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మానిఫోల్డులో బూస్ట్ ఒత్తిడి పుడుతుంది, పీసీవీ దారి మూసుకుంటుంది, అప్పుడు ఆవిరంతా రెండో దారి పడుతుంది.

ఊళ్లో మెల్లగా తిరిగే బండికి మొదటి దారిలో డబ్బా సరిపోతుంది. పెనుకొండ మీదుగా బెంగళూరు హైవే మీద బూస్ట్ మీదే నడిపేవాడికీ, ట్రాక్‌కు తీసుకెళ్లేవాడికీ రెండో దారిలో డబ్బా లేకపోతే ప్రయోజనం లేదు. రెండూ కావాలంటే రెండు ఇన్‌లెట్లు ఉన్న డబ్బా, సరైన చెక్ వాల్వులు కావాలి. చెక్ వాల్వు తిరగేసి బిగిస్తే బూస్ట్ నేరుగా క్రాంక్‌కేసులోకి దూరి గేజి కడ్డీని పైకి తన్నేస్తుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. నోటితో ఊది చూసి మరీ పెట్టండి. కొన్ని ఇంజన్లలో పీసీవీ దారి కవర్ లోపలే ఉంటుంది, బయట గొట్టమే కనిపించదు. వాటికి ఆ మోడల్‌కు తగిన ప్లేటు దొరికితేనే పని మొదలుపెట్టాలి. కవర్‌కు డ్రిల్లు పెట్టి రంధ్రం చేస్తానంటే నేను ఒప్పుకోను.

7. ఆవిరిని గాలికి వదిలే డబ్బా రోడ్డుకు పనికిరాదు

కొన్ని డబ్బాల నెత్తిన చిన్న ఫిల్టర్ ఉంటుంది. ఆవిరిని తిరిగి ఇంజన్‌కు పంపకుండా బయటికే వదిలేస్తాయి. సినిమాల్లో రేసు కారు బానెట్ కింద బాగానే ఉంటుంది. రోడ్డు మీద మాత్రం మూడు చిక్కులు. కారు లోపలికి నూనె వాసన వస్తుంది. కంప్యూటర్ లెక్కలోకి రాని గాలి దూరి ఇంజన్ లైటు వెలుగుతుంది. ఐడిల్‌లో ఆ చిన్న ఫిల్టర్ గుండా బయటి గాలి లోపలికి పోతే, హగరి ఇసుక నేరుగా క్రాంక్‌కేసుకు చేరుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా 1961లో ఈ పీసీవీ ఏర్పాటును తప్పనిసరి చేసింది. కార్ల పొగ మీద ఆ దేశంలో వచ్చిన మొదటి కట్టడి అదే. మన ఉద్గార పరీక్షల్లో కూడా క్రాంక్‌కేసు వాయువు బయటికి రాకూడదన్న పరీక్ష ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చాక కొలతలు ఇంకా బిగిశాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి మూసి ఉన్న డబ్బా పెట్టి, ఆవిరిని తిరిగి ఇంజన్‌కే పంపండి. అది పెట్టే ముందు కూడా వారంటీ కాగితాలు చదివి, సర్వీసు సెంటర్‌లో అడగండి.

రేసు ట్రాక్ లెక్క వేరు. బ్రీదర్‌ను బయటికి వదిలే ఇంజన్‌కు అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనలే డబ్బా అడుగుతాయి. 2000 సీసీ దాకా 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు. ట్రాక్ మీద నూనె పడితే వెనక వచ్చేవాడు జారిపోతాడని ఆ జాగ్రత్త.

8. గొట్టానికీ క్లిప్పుకీ పిసినారితనం చూపొద్దు

మా జిల్లాలో ఏ పొలంలో చూసినా డ్రిప్ పైపు ముక్కలు దొరుకుతాయి. వాటిని తెచ్చి "ఇది సరిపోతుంది కదా" అంటారు. సరిపోదు. ఇంజన్ వేడికి మెత్తబడుతుంది, వాక్యూమ్‌కు నొక్కుకుపోతుంది. నూనెకు తట్టుకునే నైట్రైల్ గొట్టం, లోపల అల్లిక ఉన్నది కావాలి. రంగురంగుల మామూలు సిలికాన్ గొట్టం చూడ్డానికి బాగుంటుంది కానీ నూనె దాని గోడల్లోంచి చెమర్చుతుంది.

డబ్బాను టర్బోకూ ఎగ్జాస్ట్‌కూ దూరంగా, ముందు జాలీ గాలి తగిలే చోట పెట్టండి. చల్లగా ఉంటేనే ఆవిరి నూనెగా మారుతుంది. మా వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి చోటు ఎంపిక ఇంకా ముఖ్యం. బ్రాకెట్‌ను బాడీకి బిగించాలి, ఇంజన్‌కు కాదు. ఇంజన్ ఊగుతుంది కాబట్టి గొట్టానికి కాస్త వదులు ఇవ్వాలి. అలాగని మధ్యలో కిందికి వేలాడితే ఆ వంపులో నూనె నిలిచి దారి మూసేస్తుంది. గొట్టం ఇంజన్ నుంచి డబ్బా దాకా ఒకే వాలులో పోవాలి. 'ఇన్' అని రాసిన ముక్కు ఇంజన్ వైపు ఉండాలి. బానెట్ మెల్లగా దించి, మూత తగలడం లేదని చూసుకోండి. విప్పిన కంపెనీ గొట్టాన్ని పారేయకుండా కవర్‌లో చుట్టి పేరు రాసి దాచుకోండి.

ఇంకో మాట. రాయదుర్గం జీన్స్ యూనిట్ల కటింగ్ పీసులు మా షెడ్లలో చేతులు తుడుచుకోవడానికి వాడతాం. డబ్బా లోపల మాత్రం వాటితో తుడవకండి. ఒక్క నీలం పోగు ఊడి పీసీవీ వాల్వులో ఇరుక్కుంటే ఆ వాల్వు మూసుకోదు. పాత మెత్తని నూలు పంచె ముక్కే మంచిది, అది కూడా పోగులు దులిపి.

9. బిగించగానే డబ్బులిచ్చి వెళ్లిపోవద్దు

ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టండి. సన్నని ఈల వినిపిస్తే ఎక్కడో గాలి లాగుతోంది. ఐడిల్ పైకీ కిందికీ ఊగినా అదే అర్థం. స్కానర్ ఉంటే బిగించక ముందు, బిగించాక ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత సర్దుతోందో చెప్పేవి, పోల్చండి. అంతకు ముందు సున్నా దగ్గర ఉన్నది పది శాతం పైకి ఎక్కితే లీకు ఉన్నట్టే. మూడో పాఠంలోని కవర్ పరీక్ష మళ్లీ చేయండి. ముందు లోపలికి లాగిన కవర్ ఇప్పుడు ఉబ్బితే గొట్టం నొక్కుకుపోయిందో, ఇన్ అవుట్ తారుమారు అయ్యాయో చూడాలి. బళ్లారి రోడ్డు మీద కాస్త తిప్పి తెచ్చాక క్లిప్పులన్నీ మళ్లీ బిగించాలి. వేడికి రబ్బరు సర్దుకుని క్లిప్పు వదులవుతుంది.

10. డబ్బాలో పడింది చదవండి

అసలు లాభం ఇదే. మొదటిసారి ఐదు వందల కిలోమీటర్లకు వంపి చూడండి, తర్వాత వెయ్యికి. ఎంత వచ్చిందో, ఏ రంగో, అప్పటి మీటరు ఎంతో రాసి పెట్టుకోండి. నాలుగైదుసార్లు రాస్తే మీ బండి లెక్క మీకే తెలుస్తుంది.

గోధుమ రంగు నూనె కాస్త పడితే మామూలే. పలుచని మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పుష్యమాసం చలిలో బజారు దాకా వెళ్లొచ్చే బండిలో ఇంజన్ సరిగా వేడెక్కదు, ఆ నీరు డబ్బాలో చేరుతుంది. అది దోషం కాదు. అయితే ఎండాకాలంలోనూ తెల్లగా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించండి. పెట్రోలు వాసన ఘాటుగా కొడితే ఇంజెక్టర్లను, మీ చిన్న చిన్న ప్రయాణాలను అనుమానించండి. పరిమాణం ఉన్నట్టుండి రెట్టింపైతే ఆయిల్ మట్టం, పీసీవీ, రింగులు వరసగా చూడాలి. ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా బొట్టు పడకపోతే సంబరపడకండి. గొట్టం తప్పు దారిలో ఉండొచ్చు, డబ్బా లోపల ఏమీ లేకపోవచ్చు.

వంపినదాన్ని మళ్లీ ఇంజన్‌లో పోయకండి. అందులో నీరు, పెట్రోలు, ఆమ్లం ఉంటాయి. కాలవలోనో గట్టు మీదో పారబోయకండి. తుంగభద్ర ఎగువ కాలవ నీళ్లతో నిండే చెరువు మాది, దాని కింద వరి పండుతుంది. సీసాలో పట్టి, షెడ్డులో కాలిన ఆయిల్ కొనుక్కెళ్లేవాడికి ఇచ్చే డ్రమ్ములో కలపండి.

11. బానెట్ ఎత్తనివాడు పెట్టించుకోకూడదు

నిండిన డబ్బా ఖాళీ డబ్బా కన్నా చెడ్డది, అసలు డబ్బా లేకపోవడం కన్నా కూడా చెడ్డది. అంతదాకా తుంపరగా కొద్దికొద్దిగా పోయే నూనె, నిండిన డబ్బాలోంచి ఒక మలుపులోనో గట్టిగా తొక్కినప్పుడో ముద్దగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. వెనక నీలం పొగ కమ్ముకుంటుంది. ఎక్కువ పోతే ఇంజన్‌కే ముప్పు.

కాబట్టి షెడ్డుకు వచ్చిన పిల్లలను చివరికి ఒకటే అడుగుతాను. నెలకోసారి బానెట్ ఎత్తి, కుళాయి తిప్పి, సీసాలో ఎంత పడిందో చూసే ఓపిక ఉందా? "ఉంది మేస్త్రీ" అన్నవాడి బండికి ఆ పూటే బిగించి, రాసుకోవడానికి చిన్న పుస్తకం కూడా ఇస్తాను. "టైమ్ ఉండదు మేస్త్రీ, ఆఫీసు" అన్నవాడికి ఆయిల్ మార్చి, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, అట్టపెట్టెను విప్పకుండానే డిక్కీలో పెట్టి పంపుతాను. వాడి ఇంజన్‌కు అదే మంచిది.